విత్తనాల లైఫ్ సర్టిఫికెట్

ఆఫ్రికా తూర్పు వైపున ఎనిమిది దేశాలు ఉన్నాయనుకుందాం. పేర్లు చెబితే తొమ్మిదోది అలుగుతుంది కాబట్టి చెప్పడం లేదు. ఈ ఎనిమిదింటికీ సరిహద్దుల దగ్గర పడదు, సరస్సులో చేపల దగ్గర పడదు, ఫుట్‌బాల్ దగ్గర అసలే పడదు. అయినా ఒక్క విషయంలో మాత్రం అన్నీ ఒక్క మాట మీదికి వచ్చాయి. తాతలనాటి పంటల విత్తనాలు అంతరించిపోకుండా అందరూ కలిసి ఒకచోట దాచుకోవాలి. అందుకోసం ఒక కొండమీద భవనం కట్టి, "ప్రాంతీయ సస్య జన్యు వనరుల సమన్వయ సంరక్షణ కేంద్రం" అని బోర్డు రాయించారు. బోర్డు భవనంకన్నా పొడుగొచ్చింది. బోర్డు కొయ్యడం మర్యాద కాదని భవనాన్నే కాస్త పొడిగించారు.

లోపల పెద్ద శీతల గది. జొన్న, సజ్జ, చోడి, అలసంద, నువ్వు, అన్నీ వెండిరంగు కవర్లలో గడ్డకట్టే చలిలో పడుకుని ఉంటాయి. విత్తనం లోపలికి రావడానికి ఒక పూలదండ, ఒక ఫోటో చాలు. బయటికి వెళ్ళాలంటే మాత్రం ఎనిమిది దేశాల సమ్మతి కావాలి. కేంద్రం పెట్టింది మొదలు ఒక్క గింజ బయటికి పోలేదు. ఏటేటా నివేదికలో ఈ సంగతి మొదటి పేజీలోనే గర్వంగా వేసుకునేవాళ్ళు.

చోడి విభాగానికి అధికారి లోలుగు కూర్మారావు. శ్రీకాకుళం జిల్లావాడు. మిగతా తెలుగువాళ్ళు రాగులనేవాటిని వాళ్ళు చోళ్ళంటారు. చోళ్ళు పుట్టింది ఆఫ్రికాలో. ఎప్పుడో ఓడెక్కి వచ్చి కూర్మారావు ముత్తవ్వల అంబలికుండలో స్థిరపడ్డాయి. ఆ రుణం తీర్చుకోవడానికే తనను ఇక్కడికి డెప్యుటేషన్ మీద పంపారని అతను భార్య నూకరత్నంతో అంటుండేవాడు. జీతం డాలర్లలో ఇస్తారనే వచ్చామని నూకరత్నం సరిదిద్దుతుండేది.

వానలు మొదలయ్యే రోజుల్లో అమోడింగ్ అనే ఒక రైతు కేంద్రం గేటు దగ్గరికి వచ్చి కూర్చుంది. కొండ అవతలి ఊరు ఆవిడది. ఆవిడ భాషను కూర్మారావు కష్టపడి నేర్చుకున్నాడు గానీ, అది చెవిలో పడగానే అతని ఊరి యాసలోకి మారిపోయేది. మనమూ ఆ చెవితోనే విందాం.

"బాబూ, నా సోళ్ళు నాకిచ్చీండి. ఎర్ర సోళ్ళు. రెండేళ్ళు వానల్నేక ఊర్లో ఉన్న గింజంతా తినీసినాం. ఇత్తనానిక్కూడా మిగల్నేదు. మీ కాడున్నాది కదా, నానే తెచ్చిచ్చినాను."

ఆవిడ అబద్ధమాడడం లేదు. ఆవిడ మెడలో దండ, డైరెక్టర్ జనరల్ ముగిషాగారి చేతిలో ఆవిడ బుట్ట ఉన్న ఫోటో కేంద్రం ముందు హాల్లోనే వేలాడుతోంది. "ఎప్పుడు కావాలన్నా ఇవి నీవే తల్లీ" అని ఆ రోజు ముగిషాగారు అన్నారు. దాన్ని ఆవిడ భాషలోకి తిప్పి చెప్పింది కూర్మారావు. అంచేత ఆవిడ లెక్కలో మాట ఇచ్చినవాడు కూర్మారావే.

ఆ ఎర్ర చోళ్ళు ఆ కొండకు తగ్గ పంట. అక్కడ వాన చుట్టంచూపుగా వచ్చి పోతుంది. అది వెళ్ళేలోగా పండేది ఈ రకం ఒక్కటే. ఈ వానకు గింజ పడకపోతే ఊరంతా చెరుకు తోటల్లో కోత కూలికి పోవాలి. అలా పోయిన ఊళ్ళేవీ తిరిగి రాలేదని అక్కడ అందరికీ తెలుసు.

కూర్మారావు ఫైలు పట్టుకుని ముగిషాగారి గదిలోకి వెళ్ళాడు.

"చూడండి కూర్మారావు గారూ," అన్నారు ముగిషాగారు, కళ్ళజోడు తీసి తుడుస్తూ. "విత్తనం పొలంలో ఉంటే అది కేవలం విత్తనం. మన దగ్గరుంటే అది వారసత్వ సంపద. సంపదను పట్టుకెళ్ళి మట్టిలో పోస్తామా?"

"మట్టిలో పోస్తేనే కదండీ మొలుస్తాయి."

"ప్రమాదమంతా అక్కడే ఉంది. మొలిచిన విత్తనం మళ్ళీ విత్తనమవుతుందని హామీ ఎవరిస్తారు? మిడతలొస్తాయి. మేకలొస్తాయి. పొలం అనేది అత్యంత అభద్రమైన ప్రదేశం. అయినా నేను కాదనడం లేదు. ఎనిమిది దేశాల సమ్మతి తెప్పించండి."

"అడుగుతానండీ."

"ఎనిమిదో దేశంలో ప్రస్తుతం వ్యవసాయ మంత్రి లేడు. అది గమనించండి."

"ఎప్పుడొస్తాడండీ?"

"ప్రభుత్వం వచ్చాక."

కూర్మారావు అమోడింగ్‌ను ఇంటికి తీసుకొచ్చాడు. నూకరత్నం ఆవిడకు అంబలి పోసింది. ఒకరి మాట ఒకరికి రాదు. అయినా ఇద్దరూ గిన్నెలోకి చూసి ఒకేలా తలాడించారు, పులుపు సరిపోయిందన్నట్టు.

"అప్ప మొకం సూడండి," అంది నూకరత్నం మొగుడితో. ఒక్క గిన్నె అంబలితోనే అమోడింగ్ ఆవిడకు అప్ప, అంటే అక్క, అయిపోయింది. "దాసమని ఇచ్చిన గింజలు, ఆకలేళ అడిగితే ఇవ్వకపోతే అది బేంకేటండీ? దొంగల గూడు గాని."

కూర్మారావు అంబలి గిన్నె పక్కన పెట్టేశాడు. తన నోటితో ఇచ్చిన మాట అది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

మర్నాడు ఆఫీసులో టీ తాగుతుండగా ఊరినుంచి ఫోనొచ్చింది. కూర్మారావు తండ్రి రిటైరైన పంతులుగారు. పింఛను ఆగకూడదంటే ఏడాదికోసారి ట్రెజరీకి వెళ్ళి తాను బతికే ఉన్నానని రుజువు చూపించాలి. వేళ్ళు అరిగిపోయి మెషిన్ ఆయన వేలిముద్ర పట్టలేదట. ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి, "మీరు బతికున్నట్టు నాకు కనబడుతోంది మాస్టారూ, సిస్టమ్‌కే కనబడ్డం లేదు" అన్నాట్ట గుమాస్తా. ఫోను పెట్టేసి కూర్మారావు ఈ సంగతి నవ్వుతూ అందరికీ చెప్పాడు. టీ తాగుతున్నవాళ్ళంతా పొట్ట పట్టుకుని నవ్వారు.

ముగిషాగారు నవ్వలేదు. కప్పు కింద పెట్టారు.

"మీ దేశంలో బతికున్నవాళ్ళను ఏటేటా రుజువు చేసుకోమంటారా?"

"అందర్నీ కాదండీ. పింఛనుదార్లను."

"మన విత్తనాలు మాత్రం ఇంకేమిటి?" ముగిషాగారు లేచి నిలబడ్డారు. "పని చెయ్యవు. కదలవు. నెలనెలా కరెంటు తింటాయి. అవి బతికున్నాయో లేదో మనం ఎన్నడైనా అడిగామా? చచ్చినవాటికి కూడా మనం చలి ఇస్తున్నామేమో!"

సాయంత్రానికల్లా "సజీవతా నిరూపణ ఉత్తర్వు" వెలువడింది. కేంద్రంలో ఆశ్రయం పొందుతున్న ప్రతి విత్తనమూ తాను జీవించి ఉన్నట్టు ఏటా నిరూపించుకోవలెను. నిరూపించుకోలేనివాటికి చలి నిలిపివేయబడును. మొదట ఏ విత్తనంతో ప్రారంభిద్దామని సభలో అడగ్గానే కూర్మారావు చెయ్యెత్తాడు. ఎర్ర చోళ్ళ కవరు ఆ గదిలోంచి బయటికైనా వస్తుంది కదా అన్న ఆశ తప్ప అప్పటికి అతని బుర్రలో ఏ ఆలోచనా లేదు.

చిటికెడు గింజలు తడిగుడ్డలో పరిచారు. నాలుగు రోజులు తిరక్కుండా తెల్లటి వేళ్ళు, పచ్చటి ముక్కులు వచ్చాయి. ముగిషాగారు సూటు వేసుకొచ్చి, భూతద్దంలో చూసి, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ గుడ్డ వైపు చూశారు.

"ఇప్పుడు వీటిని మళ్ళీ కవర్లో పెట్టండి," అన్నారు ముగిషాగారు.

"కుదరదండీ. మొలకెత్తేశాయి."

"అయితే ఇవి విత్తనాలు కావు."

"కావండీ."

"మరేమిటి?"

నిబంధనల పుస్తకం తెప్పించి చూశారు. పరీక్ష అయిపోయిన పదార్థాన్ని "పరీక్షానంతర వ్యర్థం" అంటారని ఉంది. వ్యర్థాన్ని ఆవరణలో ఉంచరాదనీ ఉంది. "వెనక గోడ అవతల పారబోయించండి" అని ముగిషాగారు భోజనానికి వెళ్ళిపోయారు.

పారబొయ్యడానికి చేతులు రాక కూర్మారావు ఆ గుడ్డను ఇంటికి పట్టుకొచ్చాడు. నూకరత్నం విప్పి చూసి గెంతినంత పని చేసింది.

"ఓలమ్మా! ఇది సోడాకు కాదేటండీ! ఆకుమడేసి పెంచితే ఎంచక్కా ఊడ్సుకోవచ్చు గదా. మనూర్లో సోళ్ళు సల్లుతామేటి? ఉబాలే గదా!"

నిజమే. ఆకంటే నారు, ఉబాలంటే నాట్లు. కూర్మారావు ఊళ్ళో చోళ్ళు నారు పోసి నాటుతారు. అమోడింగ్ ఊళ్ళో వెదజల్లుతారు. విత్తనం బయటికి పోకూడదు, కానీ నారుకు అడ్డమేముంది? సంగతి విడమరిచి చెబితే అమోడింగ్ మాత్రం అనుమానంగా చూసింది.

"మొక్కని పీకి మల్లీ పాతడమేటి? దానికి నొప్పెట్టదేటి?"

"పెడతాది. రెండ్రోజులు అలిగి తలొంచుకుంటాది. తర్వాత నిలబడతాది," అన్నాడు కూర్మారావు.

చిటికెడు మొలకలతో ఊరు నిలబడదు. కవరంతా మొలకెత్తాలి. మర్నాడు కూర్మారావు ముఖం నిండా సందేహం పులుముకుని ముగిషాగారి ముందు నిలబడ్డాడు.

"సార్, మా నాన్నగారు ట్రెజరీలో బతికున్నానని చూపిస్తే, మా వీధిలో పింఛనుదార్లందరూ బతికున్నట్టేనంటారా?"

"ఎలా అవుతుంది? ఎవరి ప్రాణం వారిది."

"మరి చిటికెడు గింజలు మొలిస్తే, కవర్లో మిగిలిన గింజలు..."

ముగిషాగారు కళ్ళజోడు తీసేశారు. "అంటే అవి చచ్చి కూడా బతికున్నట్టు నటిస్తూ ఉండవచ్చు!"

"నేనామాట అనలేదండీ."

"మీరు అనక్కర్లేదు. సంస్థ పరువే అంటోంది."

సవరణ ఉత్తర్వు వచ్చింది. ఇకపై ప్రతి గింజా వ్యక్తిగతంగా హాజరై నిరూపించుకోవాలి. ఎనిమిది దేశాల ఉమ్మడి ఆస్తి కాబట్టి ప్రతినిధులందరి సమక్షంలో జరగాలి. సమ్మతి కోసమైతే ఏళ్ళ తరబడి జవాబివ్వని దేశాలు, సమావేశం అనగానే తర్వాతి విమానంలో దిగిపోయాయి.

దిగగానే పేచీ మొదలైంది. కేంద్రం కుళాయి నీళ్ళతో మొలిస్తే ఆ విత్తనం ఈ దేశంలో బతికున్నట్టు రుజువవుతుంది, మా దేశంలో బతికున్నట్టు ఎలా తెలుస్తుందని ఒక ప్రతినిధి లేచాడు. న్యాయమైన ప్రశ్న అన్నారు ముగిషాగారు. కవరును ఎనిమిది పళ్ళేల్లోకి పంచి, ఏ దేశం పళ్ళేనికి ఆ దేశం నీళ్ళే పొయ్యాలని తీర్మానించారు. సీసాలు విమానాల్లో వచ్చాయి. ఒక దేశం సీసాకు అంగరక్షకుడు కూడా వచ్చాడు. ఒకే సరస్సు ఒడ్డునున్న రెండు దేశాలు, ఎదుటివాడి సీసాలో ఉన్నది తమ నీళ్ళేనని గొంతులు చించుకున్నాయి. చివరికి రెండు సీసాలూ ఒక బకెట్లో పోసి, గరిటెతో సమానంగా పంచితే శాంతించాయి. ఎనిమిదో దేశంలో పరీక్ష మధ్యలోనే ప్రభుత్వం ఏర్పడి, మర్నాటికి పడిపోయింది. వాళ్ళ పళ్ళెం మీద జెండా మార్చి, మళ్ళీ పాతదే గుచ్చారు.

అన్నిటికన్నా చిక్కు ఎడారి దేశంతో వచ్చింది. వాళ్ళ ప్రతినిధి నీళ్ళు తేలేదు. నీళ్ళు లేకపోవడం తమ జాతీయ లక్షణమనీ, తమ పళ్ళేన్ని ఎండగానే ఉంచాలనీ పట్టుబట్టాడు. అన్ని పళ్ళేలూ పచ్చబడుతుంటే తమది మాత్రం గింజలుగానే ఉండడం చూసి, ఇది తమ దేశాన్ని చంపే కుట్ర అని సభలోంచి లేచిపోయాడు. ఆ పళ్ళెంలో ఉన్నవి కూడా అమోడింగ్ గింజలే మరి. కూర్మారావు పరుగున వెళ్ళి మిగతా ఏడుగురినీ బతిమాలాడు. ఏడు దేశాలూ తలా గ్లాసెడు నీళ్ళు ఎడారి దేశానికి అప్పిచ్చాక, అలిగిన ప్రతినిధి తిరిగొచ్చి కూర్చున్నాడు. ప్రాంతీయ సహకారంలో ఇది చారిత్రక ఘట్టమని ముగిషాగారు కళ్ళు ఒత్తుకున్నారు. దానికీ ఒక ఫోటో తీశారు.

గింజలన్నీ మొలిచాయి. అంతా కలిసి సర్టిఫికెట్ మీద సంతకాలు పెట్టారు.

ఎనిమిది పళ్ళేల "వ్యర్థం" బండి మీద వెనక గేటు దగ్గరికి వచ్చింది. అక్కడ కాపలావాడు అడ్డంగా నిలబడ్డాడు. విత్తనం బయటికి పోనివ్వరాదని అతనికి కేంద్రం పెట్టిన నాడే చెప్పారు, అతను నాటినుంచీ ఆ ఒక్క మాటే గుర్తు పెట్టుకున్నాడు. అంతలో ప్రతినిధులను భోజనానికి తీసుకెళుతూ ముగిషాగారే అటు వచ్చారు.

"ఈ వ్యర్థం ఇంకా ఇక్కడే ఉందేం? కుళ్ళి వాసనొస్తే కేంద్రం ప్రతిష్ఠ ఏమవుతుంది? వెంటనే తొలగించు!"

కాపలావాడు సెల్యూట్ కొట్టి, తానే పళ్ళేలు ఒక్కొక్కటీ ఎత్తి గోడ మీంచి అందించాడు. అవతల అమోడింగ్, వాళ్ళ ఊరి ఆడవాళ్ళు, నూకరత్నం, అరిటాకులు పరిచిన బుట్టలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆఖరి పళ్ళెం దిగేసరికి ఆడవాళ్ళు పట్టలేక నాలుకలాడిస్తూ సంతోషంతో కూతలు పెట్టారు.

"ఏమిటా ధ్వని?" ముగిషాగారు ఆగారు.

"పక్షులండీ," అన్నాడు కూర్మారావు.

"స్థానిక జీవవైవిధ్యం! నివేదికలో రాయండి."

ఆ తర్వాతి రోజులు కూర్మారావుకు నిద్ర లేదు. ఈ రకం చోళ్ళు ఇప్పుడు భూమ్మీద మరెక్కడా లేవు. ఉన్నదంతా ఆ కొండ కింద నారుమడిలో ఉంది. అది పోతే ఒక ఊరి పంటను చేతులారా చంపినవాడు తానే అవుతాడు. కవర్లో ఉంచి ఉంటే కనీసం ఎవరూ తనను అనేవాళ్ళు కాదు కదా అని ఒక్కోసారి పిరికితనం తోసుకొచ్చేది. నూకరత్నం చీర ఎగదోపి బురదలో దిగి, ఊరి ఆడవాళ్ళకు ఊడుపు నేర్పింది. నాటిన మొక్కలు మొదట తలలు వాల్చేశాయి. అమోడింగ్ ఏమీ అనకుండా కూర్మారావు వైపు చూసింది. ఆ చూపు కన్నా నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. మూడోనాడు కొండ మీదికి మబ్బు దిగింది, వాన పట్టుకుంది, మొక్కలు లేచి నిలబడ్డాయి. వాన వెళ్ళేలోగా ఎర్రటి వెన్నులు తిరిగాయి. ఆ ఏడు ఆ ఊరినుంచి చెరుకు కోతకు ఒక్కరూ పోలేదు. కూర్మారావు పొలం గట్టున కూర్చుని, అందరి ముందూ సిగ్గు లేకుండా ఏడ్చాడు.

ఇక్కడ కేంద్రంలో ఖాళీ కవరుకు సీలు వేసి, సర్టిఫికెట్ జతచేసి, మళ్ళీ చలిలో పెట్టారు.

"అందులో ఏమీ లేదండీ," అన్నాడు కూర్మారావు. అన్యాయం చేసినట్టు ఉండకూడదని ఒక్కసారైనా చెప్పాలనుకున్నాడు.

"కూర్మారావు గారూ, ఇందులో ప్రతి గింజా బతికున్నదని ఎనిమిది ప్రభుత్వాలు సంతకం చేశాయి. లేదంటున్నది మీరొక్కరే. ఆలోచించి మాట్లాడండి."

నిధులిచ్చే సంస్థ తరపున తనిఖీకి వచ్చిన దొర, మొత్తం శీతల గదిలో ఏమాత్రం క్షీణత కనబడని నమూనా ఇదొక్కటేనని మెచ్చుకున్నాడు. పురుగు పట్టలేదు, బూజు పట్టలేదు, తేమ తగల్లేదు. కేంద్రానికి ఒక కప్పు ఇచ్చారు.

ఆ కప్పు పేరు విని పొరుగు దేశం వ్యవసాయ మంత్రి మేల్కొన్నాడు. వాళ్ళ కొండల్లోనూ వరసగా వానలు తప్పాయి. అంత గొప్ప విత్తనం మాకు కావాలని అడిగాడు. నూటికి నూరు పాళ్ళూ బతికున్నట్టు తామే సంతకాలు పెట్టి ఉండడంతో ఎనిమిది దేశాలకూ కాదనడానికి సాకు దొరకలేదు. కేంద్రం చరిత్రలో మొదటిసారి సమ్మతి లభించింది.

బ్యాండు మేళం వచ్చింది. వెల్వెట్ గుడ్డ పరిచిన పళ్ళెంలో వెండి కవరు వచ్చింది. కూర్మారావు వేదిక పక్కన నిలబడి, మంత్రి ఇప్పుడు కవరు చింపుతాడు, ఇప్పుడు నా ఉద్యోగం చిరుగుతుంది అని ఇష్టదైవాన్ని తలుచుకుంటున్నాడు. మంత్రి కవరును రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని, మైకు దగ్గరికి వెళ్ళాడు.

"దీన్ని ఈ రోజే మా రాజధానిలోని శీతల గదిలో భద్రపరుస్తాం. ఒక్క గింజ కూడా బయటికి పోనివ్వమని మా ప్రజల తరపున ప్రమాణం చేస్తున్నాను!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. కూర్మారావుకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఆ కొండల్లో వానకోసం చూస్తున్నవాళ్ళు గుర్తొచ్చి, లేచొచ్చిన ప్రాణం ఉసూరుమంది.

మెట్లు దిగుతుంటే మంత్రిగారి డ్రైవరు, నడివయసు మనిషి, పక్కకు పిలిచాడు.

"సార్, అమోడింగమ్మ ఊరికి దారెటు? ఆవిడ ఎర్ర చోళ్ళ కబురు మా కొండల దాకా వచ్చింది. మా అమ్మ సంచులిచ్చి పంపింది. ఖాళీగా వస్తే ఇంట్లోకి రానివ్వనంది."

కూర్మారావు దారి చూపించాడు. చూపించడం కాదు, తానే ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. మంత్రిగారు వెనక సీట్లో, ఒళ్ళో కవరు పెట్టుకుని, విందు భోజనం మత్తులో గురకపెడుతున్నారు. అమోడింగ్ ఎందుకని అడగలేదు. ఆ సంచులు తన చేత్తోనే నింపి, మూతులు కుట్టి ఇచ్చింది. "పీకి మల్లీ పాతమను," అని మాత్రం చెప్పింది. "రెండ్రోజులు అలుగుతాది. బెంగెట్టుకోవద్దను."

సరిహద్దు దగ్గర ఏం జరిగిందో డ్రైవరు తర్వాత ఫోనులో చెప్పాడు. రెండు దేశాల అధికారులూ కవరును తూచారు, ఎండకు పట్టి చూశారు, దాని సర్టిఫికెట్‌కు నకళ్ళు తీశారు, క్రిమికీటకాలు లేవని ముద్రలు వేశారు, చివరికి లేచి నిలబడి సెల్యూట్ కొట్టారు. అంతసేపూ కారు వెనక డిక్కీలో ఎర్ర చోళ్ళ సంచులు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. మంత్రిగారి కారు డిక్కీ తెరవమని అడిగేంత ధైర్యం ఏ దేశంలో ఎవరికుంటుంది? గేటు ఎత్తారు. అవతల అప్పటికే వాన పడుతోంది.